మార్చి మొదటి శుక్రవారం: ఆడవాళ్లే నడిపిన ఉమ్మడి ప్రార్థన

పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు మన బడి చరిత్రలోంచి ఒక సంగతి ఎంచుకుని రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. పాత భవనం గురించీ, పేరు తెచ్చిన ప్రధానోపాధ్యాయుల గురించీ, ఆటల పోటీల్లో గెలిచిన కప్పుల గురించీ రాసేవారు చాలామందే ఉంటారు. నేను 1967 నుంచి 1973 దాకా ఇక్కడ చదువుకున్నాను. 1980 నుంచి ముప్పైనాలుగేళ్లు ఇక్కడే సోషల్ చెప్పాను. ఆ చనువుతో, ఆఫీసు గదిలో ఒక్క ఫైలు కూడా లేని సంగతిని తీసుకున్నాను.

మన కాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏటా మార్చి మొదటి శుక్రవారం మధ్యాహ్నం పెద్ద హాలులో క్లాసులు ఉండేవి కావు. బెంచీలు వరండాలోకి మోయించి జంపఖానాలు పరిపించేవారు. నాలుగు గంటలయ్యేసరికి ఊళ్లోని లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ., సాల్వేషన్ ఆర్మీ ఆడవాళ్లంతా తెల్లచీరలతో వచ్చి కూర్చునేవారు. మనలో చాలామందికి అది హాఫ్‌డే దొరికిన శుక్రవారం మాత్రమే. క్రైస్తవులు కాని పిల్లలు కూడా జంపఖానాలు పరిచి, మంచినీళ్ల కుండలు నింపి, ఇంటికి పరుగెత్తేవారు. కానీ ఆ సాయంత్రానికి ఒక విశేషం ఉంది. ఆరాధన మొదటినుంచి చివరిదాకా నడిపేది ఆడవాళ్లే. పాదిరిగార్లు వస్తే వెనక వరుసలో కూర్చునేవారు. తక్కిన యాభై ఒక్క వారాలూ ఏ చర్చిలోనూ కనిపించని దృశ్యం అది.

దాన్నే ప్రపంచ ప్రార్థనా దినం అంటారు. అది ఎక్కడ పుట్టింది, మన హాలు దాకా ఎలా వచ్చింది, దానికీ చదువుకూ ఉన్న చుట్టరికం ఏమిటి అన్నదే ఈ వ్యాసం.

ఎక్కడ మొదలైంది

19వ శతాబ్దం చివర అమెరికా ప్రొటెస్టెంటు చర్చిల్లో స్త్రీలకు ప్రసంగించే హక్కు దాదాపు లేదు. సంఘ పాలనలో ఓటు ఉన్నచోట్లు తక్కువ. కానీ చందాలు పోగుచేసేది వాళ్లే. పైసాపైసా కూడబెట్టి వాళ్లు సొంతంగా మిషను సమాజాలు పెట్టుకున్నారు. ఆ సమాజాల ద్వారానే స్త్రీ డాక్టర్లనూ టీచర్లనూ దేశదేశాలకు పంపారు. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా సారా కూగ్లర్ అలా లూథరన్ స్త్రీలు పంపిన మనిషే. ఆమె 1898లో ప్రారంభించిన ఆసుపత్రిని గుంటూరు ప్రాంతం వాళ్లు ఈనాటికీ కూగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు.

1887లో మేరీ ఎలెన్ ఫెయిర్‌చైల్డ్ జేమ్స్ అనే ప్రెస్బిటేరియన్ నాయకురాలు, తమ దేశంలోనే ఉన్న పేదల కోసం, వలస వచ్చినవారి కోసం స్త్రీలంతా ఒక రోజు ప్రార్థన చేద్దామని పిలుపునిచ్చారు. 1890లో హెలెన్ బారెట్ మాంట్‌గోమరీ, లూసీ పీబాడీ అనే ఇద్దరు బాప్టిస్టు స్త్రీలు విదేశాల్లో జరిగే పనికోసం ఇంకొక ప్రార్థనా దినాన్ని పిలిచారు. ఇలా ఒక్కో సంఘానికీ ఒక్కో రోజు ఏర్పడింది. ఏ ఇంటి పొయ్యి ఆ ఇంట్లోనే వెలిగింది.

వాటిని కలపడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1920లో అమెరికాలో వేర్వేరు సంఘాల స్త్రీలు కలిసి ఒకే రోజును ఎంచుకున్నారు. 1922లో కెనడా స్త్రీలు అదే రోజును తమదిగా చేసుకున్నారు. ఆరాధన క్రమం ప్రతులను ఇతర దేశాలకు పంపితే ఉత్సాహంగా జవాబులు వచ్చాయి. 1927లో అది ప్రపంచ ప్రార్థనా దినమైంది. మొదట్లో లెంటు కాలం, అంటే శ్రమదినాల్లో వచ్చే మొదటి శుక్రవారం నాడు జరిగేది. తర్వాత మార్చి మొదటి శుక్రవారానికి స్థిరపడింది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఆ 1920లలోనే స్త్రీలు పెంచి పెద్దచేసిన మిషను సమాజాలను కొన్ని సంఘాలు తమ పెద్ద బోర్డుల్లో కలిపేసుకున్నాయి. 1923లో ప్రెస్బిటేరియన్ స్త్రీలకు జరిగింది అదే. డబ్బు, కార్యాలయం, నిర్ణయం చేతులు మారాయి. ప్రార్థనా దినం మాత్రం వాళ్ల చేతుల్లోనే మిగిలింది. దాన్ని తీసుకోవాలని ఎవరికీ తోచలేదు. ప్రార్థనే కదా, చేసుకోనివ్వండి అనుకున్నారు.

మద్రాసు తెలుగువాళ్లతో ఒక ముడి

ఈ కథలో తెలుగువాళ్లకు సంబంధించిన ముడి ఒకటి ఉంది. నేను చాలా ఆలస్యంగా, ఉద్యోగం చివరి ఏళ్లలో చదివి తెలుసుకున్నాను. పైన చెప్పిన లూసీ పీబాడీ 1881లో పెళ్లయిన కొత్తలో భర్త నార్మన్ వాటర్‌బరీతో మద్రాసు వచ్చారు. వాళ్లు పనిచేసింది అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషనులో. అయిదేళ్లకే భర్త చనిపోయారు. ఆమె పసిపిల్లలను తీసుకుని తిరిగి వెళ్లిపోయారు. మరో నాలుగేళ్లకు ఆమె పేరు ప్రార్థనా దినం పిలుపులో కనిపిస్తుంది. దూరదేశపు ఆడవాళ్ల కోసం ప్రార్థించండి అని పిలిచిన ఆ మనిషి మనసులో ఎవరి ముఖాలు మెదిలాయో ఊహించడం కష్టం కాదు.

ఆమె, మాంట్‌గోమరీ కలిసి 1913-14లో ఆసియా అంతా తిరిగారు. స్త్రీల చదువు ఎక్కడ ఎలా ఉందో చూశారు. తర్వాత ఆసియాలోని ఏడు స్త్రీల కళాశాలలకు భవనాల కోసం పెద్ద చందా ఉద్యమం నడిపారు. 1915లో మొదలైన మద్రాసు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ, 1918లో ఐడా స్కడ్డర్ తెరిచిన వెల్లూరు వైద్య పాఠశాల, లక్నోలోని ఇసబెల్లా థోబర్న్ కాలేజీ ఆ ఏడింటిలో ఉన్నాయి. మద్రాసుకూ వెల్లూరుకూ తెలుగు జిల్లాల నుంచి ఎందరో అమ్మాయిలు వెళ్లి చదువుకున్నారు. ప్రార్థనా దినం నాటి కానుకల్లో ఒక భాగం తొలి రోజుల్లో ఇలాంటి కళాశాలలకూ, స్త్రీలకూ పిల్లలకూ వారి వారి భాషల్లో పుస్తకాలు వేయించడానికీ వెళ్లేది. అంటే మొదటినుంచీ ఈ ప్రార్థనకు ఒక చేతిలో కానుకపళ్లెం, ఇంకో చేతిలో పలక ఉన్నాయి.

మాంట్‌గోమరీ సంగతి ఇంకొక మాట. ఆమె 1921లో ఉత్తర అమెరికా బాప్టిస్టు మహాసభకు మొదటి స్త్రీ అధ్యక్షురాలయ్యారు. గ్రీకు నుంచి కొత్త నిబంధనను తానే ఆంగ్లంలోకి అనువదించి 1924లో ప్రచురించారు.

ఇన్ని చర్చిలు ఎందుకు

కలిసి ప్రార్థించడం అంత గొప్ప విషయమా అని ఈనాటి పిల్లలు అడగవచ్చు. దానికి మన జిల్లాల చరిత్ర తెలియాలి.

లండన్ మిషనువారు 1805లో విశాఖపట్నం వచ్చారు. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరు చేరారు. ఆంగ్లికన్ మిషనువారు 1841లో మచిలీపట్నంలో పని మొదలుపెట్టారు. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చారు. ఎవరి ఓడ ఏ రేవులో దిగిందో, ఎవరు ఏ తాలూకా తీసుకున్నారో, దాన్నిబట్టి మన ముత్తాతలు లూథరన్లో, బాప్టిస్టులో అయ్యారు. ఆ తేడాలు పుట్టింది జర్మనీలో, ఇంగ్లండులో. వాటితో మనవాళ్లకు ఏ తగాదా లేదు. అయినా రెండు తరాలు గడిచేసరికి ఒక చర్చి పిల్లను ఇంకో చర్చిలో ఇవ్వాలంటే ఉత్తరాలు, సంతకాలు, బతిమాలుకోవడాలు వచ్చాయి.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఏకమైన దక్షిణ ఇండియా ఐక్య సంఘం అందులో కలిశారు. ప్రపంచ క్రైస్తవ చరిత్రలో అది పెద్ద సంఘటన. కానీ తెలుగునాట సంఖ్యలో పెద్దవైన బాప్టిస్టు సంఘాలు, 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం బయటే ఉన్నాయి. పెద్దలు చర్చలు జరిపారు, తీర్మానాలు రాశారు. ఒక మధ్యాహ్నానికి అందరినీ ఒకే జంపఖానా మీద కూర్చోబెట్టింది మాత్రం ఆడవాళ్లే.

వాళ్లకు ఒక ఆసరా ముందునుంచే ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం అన్ని సంఘాల ఇళ్లలోనూ ఉండేది. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు లూథరన్లకూ తెలుసు, బాప్టిస్టులకూ తెలుసు. కీర్తన సంఖ్య చెబితే చాలు, హాలంతా ఒకే రాగంలో అందుకునేది.

1960లలో రోములో జరిగిన రెండో వాటికన్ మహాసభ తర్వాత, ఆ దశాబ్దం చివరికి కాథలిక్ స్త్రీల సంఘాలు కూడా ఈ ప్రార్థనా దినంలో చేరాయి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మన ఊరి ఆర్.సి.ఎం. కాన్వెంటు నుంచి ఇద్దరు సిస్టర్లు మొదటిసారి మన హాలుకు వచ్చారు. వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక కుర్చీలు తెప్పించారు. వాళ్లు కుర్చీలు పక్కకు జరిపి అందరితోపాటు కింద కూర్చున్నారు. ఆ తర్వాత ఇక కుర్చీల మాట రాలేదు.

ఒక క్రమం, ఎన్నో గొంతులు

ఈ దినం నడిచే పద్ధతి చాలా సులువు. దాని బలం కూడా అందులోనే ఉంది. ప్రతి ఏడూ ఒక దేశపు స్త్రీలు ఆరాధన క్రమాన్ని రాస్తారు. తమ దేశం ఎలా ఉందో, తమ ఆడవాళ్లు ఏం అనుభవిస్తున్నారో చెబుతారు. ప్రపంచంలో అందరూ అదే క్రమాన్ని తమ తమ భాషల్లో చదువుతారు. 1930లో దాన్ని రాసింది కొరియాకు చెందిన హెలెన్ కిమ్. తర్వాత ఆమె ఆ దేశపు స్త్రీల విశ్వవిద్యాలయం ఈవాకు అధ్యక్షురాలయ్యారు. 1968లో అంతర్జాతీయ సంఘం ఏర్పడ్డాక ఈ వంతుల పద్ధతి ఇంకా గట్టిపడింది. ఇప్పుడు 150కి పైగా దేశాల్లో జరుగుతోంది. పసిఫిక్ దీవుల్లో తెల్లవారగానే మొదలై, పొద్దుతోపాటు దేశం నుంచి దేశానికి సాగుతుంది.

మన దగ్గర జనవరిలో ఆంగ్ల ప్రతి వచ్చేది. మన తెలుగు టీచరుగారూ, ఆసుపత్రి నర్సమ్మ ఒకరూ, ఒక పాదిరిగారి భార్యా కలిసి తెలుగు చేసేవారు. స్టెన్సిల్ కోసి సైక్లోస్టయిల్ తీయించడం మన బడి వంతు. చేతులకు సిరా అంటుకున్న మా హాస్టలు పిల్లలకు ఆ ప్రతుల వాసన ఇప్పటికీ తెలుసు. తర్వాత పంపకం: మొదటి ప్రార్థన లూథరన్ అమ్మగారికి, వాక్యపఠనం సాల్వేషన్ ఆర్మీ వారికి, దేశ పరిచయం మన బడి టీచరుకు, సందేశం బాప్టిస్టు బైబిలు స్త్రీకి. ఏ ఒక్క సంఘానికీ పెద్దపీట పడకుండా లెక్క చూసుకునేవారు.

ఇందులో అసలు కీలకం ఏమిటంటే, ఆ రోజు ఆరాధన నడపడానికి దీక్ష అక్కర్లేదు, వేదాంత పట్టా అక్కర్లేదు. చదవడం వస్తే చాలు. కాగితం చేతిలో ఉంది, అందులో మాటలు ఉన్నాయి, లేచి నిలబడి గట్టిగా చదివితే ఆమే ఆ నిమిషానికి నాయకురాలు. ఆడపిల్లకు చదువెందుకు అని అడిగే రోజుల్లో మన బడి నేర్పిన అక్షరాలు ఏ ఉద్యోగానికి పనికొచ్చాయో లెక్కలు ఉన్నాయి. మార్చి మొదటి శుక్రవారానికి పనికొచ్చిన లెక్క మాత్రం ఎవరూ వేయలేదు.

మరి చదువు రానివాళ్ల సంగతేమిటి? ఈ ప్రశ్న ఆనాడే వచ్చింది. నేను పదో తరగతిలో ఉన్న ఏడు, మిషను ఆసుపత్రిలో పనిచేసే ఒక ఆయా నాకూ ఒక ముక్క ఇవ్వండి అని అడిగింది. ఆమెకు అక్షరం రాదు. కొందరు అమ్మగార్లు తటపటాయించారు. తెలుగు టీచరుగారు నాలుగు పంక్తుల ప్రార్థన ఆమె పేర రాసి, దాన్ని నేర్పే పని నాకు అప్పగించారు. వారం రోజులు సాయంత్రాలు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చదివి వినిపించాను. ఆమె రెండోరోజుకే నోటికి పట్టేసింది. అయినా వదల్లేదు. "ఏ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమ్మా" అనేది. శుక్రవారం నాడు కాగితం పట్టుకుని, ఒక్కో మాట మీదా వేలు జరుపుతూ చెప్పింది. మరుసటేటికి ఆమె వయోజన విద్య క్లాసులో చేరింది. ఆ తర్వాత ఎన్నో మార్చిలు ఆమె వాక్యం చదవగా విన్నాను.

మన దేశం వంతు

1985లో ఆరాధన క్రమాన్ని భారతదేశపు స్త్రీలు రాశారు. ప్రార్థన, క్రియల ద్వారా శాంతి అన్నది ఆ ఏటి అంశం. ఇలాంటి క్రమాలు చాలా ముందుగానే తయారవుతాయి. కానీ అది చదివే వేళకు మన దేశం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య, వెంటనే ఢిల్లీలో సిక్కుల ఊచకోత, డిసెంబరులో భోపాల్ గ్యాసు ప్రమాదం. నాలుగైదు నెలలు తిరక్కుండానే ప్రపంచమంతా ఆడవాళ్లు భారతదేశపు శాంతి కోసం ప్రార్థించారు. ఆ ఏడు దేశ పరిచయం చదివే వంతు నాది. వేరే దేశాల గురించి చదవడం అలవాటైన నాలుకకు, మన కష్టాన్ని ప్రపంచం తలుచుకుంటోందన్న మాట కొత్తగా తోచింది.

అలాంటి వరుస చాలా ఉంది. 1994లోనూ, మళ్లీ 2024లోనూ పాలస్తీనా స్త్రీలు రాశారు. 2020లో జింబాబ్వే, 2023లో తైవాన్, 2025లో కుక్ దీవులు. 2021లో రాసిన వనువాటు పసిఫిక్ మహాసముద్రంలో చిన్న దీవుల దేశం. 2015 మార్చిలో అక్కడ పామ్ తుఫాను విరుచుకుపడింది. ఆ ఏటి క్రమానికి ముఖచిత్రంగా వేసిన బొమ్మలో ఒక తల్లి బిడ్డమీద వంగి ప్రార్థిస్తుంటుంది. కొబ్బరిచెట్టు ఆమెమీదికి వంగి ఉంటుంది. మన తీరపువాళ్లకు ఆ బొమ్మను వివరించి చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చూసినవాళ్లు మనలో ఇంకా ఉన్నారు.

ఈ దినానికి ఒక నినాదం ఉంది. తెలుసుకుని ప్రార్థించు, ప్రార్థించి పనిచెయ్యి అని దాని భావం. ముందు తెలుసుకో అనడం నాలాంటి సోషల్ టీచరుకు బాగా నచ్చిన మాట. మ్యాపులో ఆ దేశం ఎక్కడుందో చూపించకుండా నేను ఏ ఏడూ ఆ వారం గడవనివ్వలేదు.

ప్రసంగ వేదిక ఎవరిది

బడి హాలులోనే ఎందుకు జరిగేది అన్నదానికి ఒక కారణం ఉంది. ఒక ఏడు ఊళ్లోని ఒక పెద్ద చర్చిలో పెట్టుకుందామని అనుకున్నారు. గుడి ఇస్తాం, కానీ స్త్రీలు కిందనే నిలబడి చదవాలి, ప్రసంగ వేదిక ఎక్కకూడదు అని షరతు వచ్చింది. మన అమ్మగార్లు వాదించలేదు. "మా బడి హాలులో వేదికే లేదు, అందరం ఒకే నేలమీద ఉంటాం" అని చెప్పి వచ్చేశారు. ఆ మాట ఊళ్లో చాలాకాలం తిరిగింది.

కాలం మారింది. దక్షిణ ఇండియా సంఘం 1976లో మొదటిసారి ఒక స్త్రీకి గురుదీక్ష ఇచ్చింది. 2013లో ఇ. పుష్పలలితగారు నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్పు అయ్యారు. ఆ సంఘంలో మొదటి స్త్రీ బిషప్పు తెలుగు మండలంలోనే రావడం మనకు గర్వకారణం. అయితే అది ఒక్కసారిగా ఆకాశంనుంచి ఊడిపడలేదని నా నమ్మకం. ఆడగొంతు ప్రార్థన నడుపుతుంటే తలవంచి ఆమేన్ అనడం సంఘాలకు అలవాటు కావాలి. ఆ అలవాటును ఊరూరా ఏడాదికి ఒక మధ్యాహ్నం చొప్పున చేసింది ఈ దినమే.

ఇప్పుడు స్త్రీలే పాదిరిగార్లవుతున్నారు కదా, ఇంకా ఈ రోజెందుకు అని ఒక పూర్వ విద్యార్థి నన్ను అడిగాడు. దీక్ష పొందేది కొందరు. ఈ రోజు మాత్రం టీచరుకూ, నర్సుకూ, ఆయాకూ, కూరగాయలు అమ్మే అమ్మకూ ఒక్కొక్క పంక్తి ఇస్తుంది. పైగా పాదిరమ్మ అయినా తన సంఘానికే పాదిరమ్మ. గోడలు అలాగే ఉన్నాయి.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. ఈమధ్య కొన్నేళ్లుగా మన ఊళ్లో ఈ కార్యక్రమం రూపు మారిపోతోంది. ఫ్లెక్సీలు, మైకులు, బయటినుంచి ముఖ్య ప్రసంగీకులు వచ్చారు. క్రమం పుస్తకం పక్కకు పోయింది. గంటన్నరలో గంట ఒక్కరే మాట్లాడతారు, ఆడవాళ్లు పాటలు పాడి టీ కప్పులు అందిస్తారు. పేరు మిగిలింది, పంపకం పోయింది. ఎవరో లాక్కోలేదు. మనమే సులువని వదిలేశాం. చేతికి కాగితం ఇచ్చి, వారం ముందు నేర్పించి, పదిమంది చేత చదివించడం శ్రమ. ఆ శ్రమే అసలు పని.

స్వర్ణోత్సవ సందర్భంగా సంఘానికి రెండు విన్నపాలు. ఒకటి, వచ్చే మార్చి మొదటి శుక్రవారానికి పెద్ద హాలు తెరిపించండి. క్రమం ప్రతులు తెలుగులో వేయించే ఖర్చు నేను భరిస్తాను. ప్రతి సంఘం నుంచి ఒకరు చదవాలి. కనీసం ఇద్దరు మన బడి పిల్లలు ఉండాలి. రెండు, మీ అమ్మల, అమ్మమ్మల పెట్టెల్లో పాత సైక్లోస్టయిల్ ప్రతులు, ఆ సాయంత్రాల ఫోటోలు ఉంటే తెచ్చి మన లైబ్రరీకి ఇవ్వండి. ఎవరి ప్రతి మీద ఎవరి పేరు పెన్సిలుతో రాసి ఉందో చూస్తే, ఆ రోజు ఎవరు ఏ ముక్క చదివారో తెలుస్తుంది. అంతకు మించిన హాజరుపట్టీ ఆ ఆడవాళ్లకు వేరే లేదు.